ఐదు సీడీలు వృథా అయ్యాయంటున్నారు, అసలు కాపాడవలసింది పాత హార్డ్‌డిస్కును

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. వారి నాన్నగారు వాడిన కంప్యూటర్ ఇంకా ఇంట్లో ఉంది. కొన్నప్పుడే అందులో విండోస్ ఎక్స్‌పీ వేసి ఇచ్చారు, విడిగా సీడీ ఏదీ ఇవ్వలేదు. నాన్నగారు తీసిన ఫొటోల నెగటివ్‌లు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. వాటిని స్కాన్ చేసే పాత ఫిల్మ్ స్కానర్‌కు ఎక్స్‌పీ తర్వాతి విండోస్‌లలో పనిచేసే డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్) రాలేదు. సగం నెగటివ్‌లు పూర్తయ్యాక హార్డ్‌డిస్కు నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. దాంతో ఆమె కొత్త హార్డ్‌డిస్కు కొని, సీ డ్రైవ్‌లో కనిపించిన విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైళ్లుండే ఐ386 అనే ఫోల్డర్‌తో తానే ఇన్‌స్టలేషన్ సీడీ చేసుకోవాలనుకున్నారు.

మొదటి సీడీ పెడితే అది లేనట్టే పాత విండోస్ మొదలైంది. స్నేహితురాలి దగ్గరున్న ఎక్స్‌పీ సీడీ నుంచి బూట్ ఇమేజ్ (కంప్యూటర్ సీడీ నుంచి మొదలవడానికి కావలసిన చిన్న కోడ్) తీసి చేర్చిన రెండో సీడీ, విండోస్‌ను మొదలుపెట్టే ఎన్‌టీఎల్‌డీఆర్ దొరకలేదని ఒక్క వాక్యం చూపించి ఆగింది. మూడోది నీలిరంగు సెటప్ తెర దాకా వెళ్లి, విండోస్ ఆగిపోతూ చూపే 7బి అనే స్టాప్ కోడ్‌తో కూలింది. ఎవరో చెప్పిన ప్రకారం బయోస్‌లో (విండోస్‌కంటే ముందు మొదలయ్యే మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) సాటా సెట్టింగ్‌ను, అంటే హార్డ్‌డిస్కుతో మాట్లాడే పద్ధతిని, కొత్తదైన ఏహెచ్‌సీఐ నుంచి పాతదైన ఐడీఈకి మారిస్తే నాలుగో సీడీ ఇంకొంచెం ముందుకు వెళ్లింది కానీ, సీడీ లోపలే ఉన్నా విండోస్ సీడీ పెట్టమని అడుగుతూ కూర్చుంది. ఆ సీడీ తీసేసి పాత విండోస్‌లోకి వెళ్లబోతే అక్కడా అదే 7బి. చివరికి పాత డిస్కును పక్కన పెట్టి, కొత్త డిస్కు మీద, పూర్తిగా స్నేహితురాలి సీడీలోని ఫైళ్లతో రాసిన ఐదో సీడీని నడిపారు. అది చాలా దూరం వెళ్లి, క్యాబినెట్ మీది స్టిక్కర్‌లోని ప్రోడక్ట్ కీ చెల్లదంది. తమ్ముడు ఆ డబ్బాను పారేయమంటున్నాడు. ఒక పరిచయస్తుడు కీ అడగని సీడీ ఇస్తానంటున్నాడు. "ఐదుసార్లు ఐదు రకాలుగా తప్పింది. తప్పు నాదా, డిస్కుదా, కంప్యూటర్‌దా?" అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది మీరు ప్రతిసారీ తెర మీద వచ్చిన మాటను యథాతథంగా రాసిపెట్టుకోవడం. దాని వల్లే మీకు సమాధానం చెప్పగలుగుతున్నాను. మీరు ఐదుసార్లు ఒకే గోడను గుద్దుకోలేదు. ఒకదాని వెనక ఒకటి ఉన్న ఐదు గుమ్మాలను దాటుతూ వచ్చారు, ఒక్కొక్క గుమ్మానికి ఒక్కొక్క తాళం ఉంది. వాటి సంగతి వివరంగా చెబుతాను కానీ, అంతకంటే ముందు చెప్పవలసినది ఒకటి ఉంది.

ఆ చప్పుడు చేస్తున్న పాత డిస్కును దయచేసి ఇక వాడకండి. ఉత్తరం చివర, సెట్టింగ్ వెనక్కి మార్చి, ఇప్పటికీ రోజూ సాయంత్రం కొన్ని నెగటివ్‌లు స్కాన్ చేస్తున్నానని రాశారు. అలా టిక్కుమనే డిస్కు ఇంకా ఎన్ని గంటలు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు, మిగిలిన ఆ గంటలను మనం ఒకే ఒక్క పనికి ఖర్చు పెట్టాలి. చాలా ఏళ్ల కిందట నేను ఇలాగే శబ్దం చేస్తున్న ఒక డిస్కును పక్కన పెట్టకుండా, ఇన్‌స్టలేషన్ సీడీని సరిచేసే ప్రయత్నంలో రెండు రోజులు దాని మీదే పరీక్షలు చేశాను. సీడీ సరిగ్గా తయారైంది, డిస్కు మాత్రం మళ్లీ తిరగలేదు. మీకు అలా జరగకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ సీడీల సంగతి. మొదటిదానిలో లోపం చాలా చిన్నది. కంప్యూటర్ సీడీ నుంచి మొదలవ్వాలంటే, ఫైళ్లు ఉంటే చాలదు. ఎల్ టొరిటో అనే ఏర్పాటు ప్రకారం సీడీలో ఒక బూట్ రికార్డు ఉండాలి. ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు కలిసి 1995లో రూపొందించిన ఆ ఏర్పాటునే కంప్యూటర్లు పాటిస్తూ వచ్చాయి. ఎక్స్‌పీ సీడీలో ఆ బూట్ ఇమేజ్ 2048 బైట్లే ఉంటుంది. అది ఐ386 ఫోల్డర్ లోపల ఉండే ఫైలు కాదు, అసలు సీడీ మీద మాత్రమే ఉంటుంది. అందుకే హార్డ్‌డిస్కులోని ఫోల్డర్‌ను ఎంత జాగ్రత్తగా కాపీ చేసినా అది రాదు. దాన్ని మీరు స్నేహితురాలి సీడీ నుంచి తీయడం సరైన ఆలోచనే. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌తో సీడీ రాసేటప్పుడు ఎమ్యులేషన్ వద్దని, లోడ్ సెగ్మెంట్ 07సీ0 అని, సెక్టార్లు 4 అని పెట్టాలి. రెండో సీడీలో మీరు ఇవి సరిగ్గానే పెట్టారు, లేకపోతే ఆ ఒక్క వాక్యం కూడా వచ్చేది కాదు.

ఆ వాక్యానికి అర్థం, బూట్ ఇమేజ్ పనిచేసింది కానీ అది వెతికిన చోట సెటప్ లోడర్ దొరకలేదని. అది సీడీ మొదటి స్థాయిలో ఐ386 అనే ఫోల్డర్ కోసం, దాని లోపల సెటప్‌ఎల్‌డీఆర్ అనే ఫైలు కోసం మాత్రమే చూస్తుంది. మీరు రెండో సీడీలో అంతా కలిపి "ఎక్స్‌పీ" అనే ఫోల్డర్‌లో పెట్టానని రాశారు, కారణం అదే. ఫోల్డర్ సరైన చోటే ఉన్నా ఇదే వాక్యం వస్తే, బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఫైలు పేర్ల చివర సెమీకోలన్, ఒకటి (;1) చేర్చే ఐచ్ఛికాన్ని తీసేయాలి.

మూడో సీడీ విషయంలో మీ సీడీకి ఏ దోషమూ లేదు. ఎక్స్‌పీ 2001లో వచ్చింది, ఏహెచ్‌సీఐ పద్ధతిలో నడిచే సాటా డిస్కులకు దాని సీడీలో డ్రైవర్ లేదు. సెటప్ తనను తాను మొదలుపెట్టుకుని, డిస్కుతో మాట్లాడలేక 7బి చూపించి పడిపోయింది. మీ కంప్యూటర్ తయారైనప్పుడు కంపెనీవారు సీడీతో ఇన్‌స్టాల్ చేయలేదు, డ్రైవర్లన్నీ ముందే చేర్చిన ఇమేజ్‌ను (డిస్కు మొత్తానికి నకలును) నేరుగా డిస్కులోకి దించారు. కాబట్టి ఆ డ్రైవర్ మీ పాత విండోస్ లోపల ఉంది, ఐ386 ఫోల్డర్‌లో లేదు.

బయోస్‌లో ఐడీఈకి మార్చమన్న సలహా ఇందుకు పాత చిట్కా, తప్పు సలహా కాదు. కానీ దాని రెండో వైపు మీకు ఎవరూ చెప్పలేదు. ఏహెచ్‌సీఐలో ఇన్‌స్టాల్ అయిన మీ పాత విండోస్ ఐడీఈ సెట్టింగ్‌లో లేవదు, అదే 7బి చూపిస్తుంది. ఆ రాత్రి "నాన్న కంప్యూటర్‌ను నేనే చంపేశాననుకున్నాను" అని రాశారు. మీరు దేన్నీ పాడు చేయలేదు. సెట్టింగ్ వెనక్కి తిప్పగానే అది మామూలుగా లేచింది కదా, లేవక తప్పదు కూడా.

నాలుగో సీడీ దగ్గర ఆగిన కారణం చూస్తే చాలామందికి నమ్మబుద్ధి కాదు. సెటప్ తాను సరైన సీడీలో ఉన్నానని నిర్ధారించుకోవడానికి సీడీ మొదటి స్థాయిలో కొన్ని చిన్న గుర్తు ఫైళ్ల కోసం చూస్తుంది. అన్ని ఎక్స్‌పీలకూ విన్51, ప్రొఫెషనల్ అయితే విన్51ఐపీ, హోమ్ అయితే విన్51ఐసీ, వాటితోపాటు సర్వీస్ ప్యాక్ (ఎక్స్‌పీకి తర్వాత వచ్చిన సవరణల మూట) సంఖ్య చివర ఉన్న మరొకటి. వాటి లోపల విండోస్ అన్న ఒక్క మాట తప్ప ఏమీ ఉండదు, పేరే వాటి పని. మీరు వీటిని నోట్‌ప్యాడ్‌లో తయారు చేశానని రాశారు. నోట్‌ప్యాడ్ సేవ్ చేసేటప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ అని చేరుస్తుంది, విండోస్ ఆ చివరి అక్షరాలను మామూలుగా దాచిపెడుతుంది. కాబట్టి మీ కంటికి విన్51 అని కనిపించేది సెటప్‌కు విన్51.టీఎక్స్‌టీ. ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, తెలిసిన ఫైలు రకాల ఎక్స్‌టెన్షన్లను దాచు అన్న చోట టిక్ తీసేసి చూడండి, బహుశా ఆ నాలుగు అక్షరాల తోక బయటపడుతుంది.

ఐదో సీడీ కీని తిరస్కరించడంలో ఆశ్చర్యం లేదు. స్నేహితురాలిది దుకాణంలో విడిగా అమ్మే రిటైల్ సీడీ, మీ స్టిక్కర్ మీదిది కంప్యూటర్‌తోపాటు వచ్చే ఓఈఎం కీ. ఏ రకం కీని ఒప్పుకోవాలో ఐ386లోని సెటప్‌పీ అనే చిన్న ఐఎన్ఐ ఫైలు చెబుతుంది. రిటైల్ సీడీలో దాని చివరి అంకెలు 335 అని ఉంటాయి, మీ ఫోల్డర్‌లో ఆ స్థానంలో ఓఈఎం అనే అక్షరాలు ఉండాలి. రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరిస్తే తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. స్టిక్కర్ పాతబడితే 8, బి ఒకేలా కనిపిస్తాయి, అదొక్కటి కూడా భూతద్దంతో చూసుకోండి. హోమ్ కీని ప్రొఫెషనల్ ఒప్పుకోదు, ఆ రెండూ కలిసిపోయాయేమో గమనించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నేను మీ స్థానంలో ఉంటే మొదట అడుగుపెట్టే దారిలో సీడీయే లేదు. పాత డిస్కును సెక్టార్లవారీగా, అంటే అందులోని చిన్న చిన్న గడులను ఉన్నవున్నట్టుగా, కొత్త డిస్కులోకి లేదా ఒక ఇమేజ్ ఫైలులోకి పూర్తిగా దించుకోవడం. ఆ ఇమేజ్‌లో బూట్ రికార్డు, ఏహెచ్‌సీఐ డ్రైవర్, స్కానర్ డ్రైవర్, మీ స్కాన్ ఫైళ్లు, అన్నీ ఉంటాయి, గుర్తు ఫైళ్ల బెడద ఉండదు. కీ అడిగే సందర్భమూ మామూలుగా రాదు, ఎందుకంటే కంపెనీలు ముందే వేసి ఇచ్చిన ఎక్స్‌పీ చాలా కంప్యూటర్లలో ఓఈఎంబయోస్ అనే నాలుగు ఫైళ్ల సాయంతో బయోస్‌లోని తయారీదారు గుర్తును చూసి తృప్తి పడుతుంది. ఆ గుర్తు మదర్‌బోర్డులో ఉంటుంది, హార్డ్‌డిస్కులో కాదు. మీరు ఐదు సీడీలతో దాటాలని చూసిన ఐదు గుమ్మాలూ ఈ దారిలో ఎదురుకావు.

అయితే పాడవుతున్న డిస్కు కాబట్టి మామూలు కాపీ సాఫ్ట్‌వేర్ వద్దు. చదవలేని చోట అది మొరాయించి, అదే చోట పదేపదే తల బాదుకుంటుంది, డిస్కు మరింత దెబ్బతింటుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్ లైవ్ సీడీ లేదా పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం వాడండి. అది తేలిగ్గా చదవగలిగే భాగాలను ముందు తీసుకుని, మొండికేసిన భాగాలను వదిలేసి, చివర వాటి దగ్గరకు మళ్లీ వస్తుంది. మ్యాప్ ఫైలు ఇస్తే ఎక్కడిదాకా వచ్చిందో అందులో రాసుకుంటుంది, మధ్యలో ఆపినా మళ్లీ మొదటి నుంచి చేయనక్కరలేదు. కొత్త డిస్కు పాతదానికంటే ఒక్క సెక్టారు కూడా తక్కువ ఉండకూడదు. మరీ పెద్దదైనా పనికి రాదు, ఎక్స్‌పీకి 2 టీబీ దాటిన డిస్కుతో పడదు.

ఇందులో ఒకే ఒక్క ప్రమాదం ఉంది, అది మాత్రం చాలా పెద్దది. ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నాన్నగారి డిస్కు మీద పడుతుంది. తెర మీద రెండు డిస్కులూ ఒకేలాంటి పొట్టి పేర్లతో కనిపిస్తాయి, ఆ పేర్లను నమ్మకండి. రెండు డిస్కులనూ బిగించక ముందే వాటి మీది కాగితంలో ఉన్న సీరియల్ నంబర్లను ఒక చీటీ మీద రాసుకుని, ఒకదాని ఎదురుగా "పాతది" అని, రెండోదాని ఎదురుగా "కొత్తది" అని రాయండి. సాధనం చూపించే సీరియల్ నంబరును ఆ చీటీతో అక్షరం అక్షరం పోల్చాకే ఎంటర్ నొక్కండి. పని అయ్యాక పాత డిస్కును విప్పేసి, కొత్తదాన్ని బిగించి, బయోస్‌లో ఏహెచ్‌సీఐ ఉందో లేదో చూసి మొదలుపెట్టండి.

డిస్కులో చదవలేని చోట్లు ఎక్కువైపోయి, కొత్త డిస్కు మీద విండోస్ లేవకపోతే అప్పుడు రెండో దారి. కొత్త డిస్కును ఇంకో విండోస్ కంప్యూటర్‌కు తగిలించి, అక్కడి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం లేని ఒక పార్టిషన్ (డిస్కులోని విడి భాగం) ఏదైనా కనిపిస్తుందేమో చూడండి. చాలామంది తయారీదారులు రికవరీ పార్టిషన్‌ను అలా దాచి ఉంచారు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కీబోర్డు మీద ఒక కీ నొక్కితే అది ఫ్యాక్టరీ స్థితిని తిరిగి తెస్తుంది. మీ నాన్నగారు తొలి రోజుల్లోనే రికవరీ డిస్కులు రాసి ఎక్కడైనా పెట్టారేమో ఒకసారి పుస్తకాల మధ్య వెతకండి, కొన్ని కంపెనీల సాధనాలు ఆ డిస్కులను ఒక్కసారి మాత్రమే రాయనిచ్చేవి. ఒక హెచ్చరిక, ఈ పద్ధతి డిస్కులో ఉన్నదంతా తుడిచేస్తుంది. కాబట్టి దీన్ని కొత్త డిస్కు మీద, ఇమేజ్ భద్రంగా ఉన్న తర్వాతే చేయాలి.

మూడో దారి మీరు మొదలుపెట్టిన సీడీయే. మీరు చాలా దగ్గరకు వచ్చారు, మీ ఓపికకు అది తప్పక తయారవుతుంది. మీ సొంత ఐ386నే వాడండి, స్నేహితురాలి ఫైళ్లను కలపకండి. కానీ ఆ ఫోల్డర్‌ను చప్పుడు చేస్తున్న డిస్కు నుంచి నేరుగా కాకుండా, తీసిన ఇమేజ్ నుంచి తీసుకోండి. పూర్తి ఫోల్డర్ సుమారు 500 ఎంబీ దాకా ఉంటుంది. చాలా తక్కువ ఉంటే తయారీదారు కొన్నింటిని కత్తిరించి ఉంటారు, దానితో కష్టపడటం దండగ. సర్వీస్ ప్యాక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో కూడా ఒక ఐ386 కనిపిస్తుంది. అది మారిన ఫైళ్లు మాత్రమే ఉన్నది, దానితో సీడీ చేయడం కుదరదు. డ్రైవర్‌ను సెటప్ తొలి దశకే అందేలా ఎన్‌లైట్ అనే సాధనంతో కలపవచ్చు, అప్పుడు బయోస్ సెట్టింగ్ జోలికి వెళ్లనక్కరలేదు.

ఈ దారిలో వెళితే ఇంకో సీడీ రాసే ముందు ఐఎస్ఓ ఫైలును (సీడీలోకి రాయబోయే మొత్తం ఒకే ఫైలుగా ఉన్నది) వర్చువల్‌బాక్స్ లాంటి వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన ఉత్తుత్తి కంప్యూటర్‌లో, నడిపి చూడండి. మీరు ఐదు సీడీలతో నేర్చుకున్నది సీడీ అవసరం లేకుండానే తెలిసేది. పైగా అక్కడ డిస్కును ఐడీఈ కంట్రోలర్‌కు తగిలిస్తే ఎక్స్‌పీకి డ్రైవర్ కొరత రాదు. కాబట్టి అక్కడ సాఫీగా నడిచి అసలు కంప్యూటర్‌లో 7బి వస్తే సీడీలో లోపం లేదని, సాటా డ్రైవరే కారణమని తేలిపోతుంది. అక్కడే ఆగిపోతే లోపం ఐఎస్ఓలో ఉంది. ఫైలును కాపీ చేయలేకపోతున్నానని సెటప్ అంటే తక్కువ వేగంతో రాసి, వెరిఫై చేయించండి, అప్పటికీ వస్తే ర్యామ్‌ను పరీక్షించండి.

ఈ దారికి చివర్లో ఒక బలహీనమైన చోటు ఉంది, మీ నుంచి దాచను. స్టిక్కర్ కీతో వేసిన ఎక్స్‌పీని 30 రోజుల్లో యాక్టివేట్ చేయాలి, పెద్ద తయారీదారుల స్టిక్కర్ కీలకు ఇంటర్నెట్ యాక్టివేషన్‌ను 2005లోనే ఆపి ఫోన్ పద్ధతికి మళ్లించారు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. అందుకే సీడీని నేను మూడో స్థానంలో పెట్టాను.

పరిచయస్తుడు ఇస్తానన్న కీ అడగని సీడీ గురించి కూడా అడిగారు. అది పనిచేయవచ్చు. కానీ దాని లోపల ఎవరు ఏం మార్చారో ఆయనకూ తెలియదు, మీకూ తెలియదు, ఆ తర్వాత మీరు స్కాన్ చేసిన ప్రతి ఫొటో ఆ సీడీతో వేసిన విండోస్ గుండానే మిగతా కంప్యూటర్లకు వెళ్తుంది. మీ క్యాబినెట్‌కు చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండగా ఆ అవసరం మీకు లేదు.

తమ్ముడి మాటలో మాత్రం కొంత నిజం ఉంది, కొట్టిపారేయకండి. మీకు కావలసింది ఎక్స్‌పీ కాదు, స్కానర్. లైనక్స్‌లో సేన్ అనే వ్యవస్థ చాలా పాత స్కానర్లను గుర్తిస్తుంది. ఇప్పటి కంప్యూటర్‌లో లైవ్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి స్కానర్‌ను తగిలించి చూస్తే గంటలో తేలిపోతుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. అది పనిచేస్తే ఈ మొత్తం ఉత్తరంలోని సీడీలన్నీ అనవసరమవుతాయి. అయితే ఫిల్మ్ స్కానర్ల సొంత సాఫ్ట్‌వేర్ మరకలను, గీతలను తొలగించే పని కూడా చేస్తుంది, అది సేన్‌లో దొరకకపోవచ్చు. ఇప్పటికే చేసిన సగానికీ, ఇకపై చేసే సగానికీ తేడా కనిపిస్తే మీకు బాధనిపిస్తుందేమో, ఒకే నెగటివ్‌ను రెండు విధాలా స్కాన్ చేసి పక్కపక్కన పెట్టుకుని నిర్ణయించండి. ఎక్స్‌పీతోనే సాగాలనుకుంటే ఆ కంప్యూటర్‌కు నెట్ కేబుల్ తగిలించకండి, ఫొటోలను పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకుని, కొత్త కంప్యూటర్‌లో వైరస్ పరీక్ష అయ్యాకే తెరవండి.

ఇమేజ్ తీసి, కొత్త డిస్కుతో కంప్యూటర్ లేచాక ఇంకో పని చేయండి. డివైస్ మేనేజర్‌లో సాటా కంట్రోలర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అనే చోట వచ్చే హార్డ్‌వేర్ ఐడీ వరుసను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాసి నాకు పంపండి. సీడీ ఎప్పటికైనా కావాలనుకుంటే అందులో కలపవలసిన డ్రైవర్ ఏదో ఆ ఒక్క వరుసను బట్టి చెప్పగలను.